ఆకుపచ్చ గుర్తు

చప్పుడు కాకుండా తాళం వెయ్యడం కూడా ఒక విద్యే. కోడలు ఆ విద్యని ఈ వేసవిలోనే నేర్చుకుంది. తాళంకప్పని ఎడమ అరచేతిలో పెట్టుకుని, కొక్కేన్ని బొటనవేలితో మెల్లగా లోపలికి నొక్కితే, ఆ 'టక్' కాస్తా అరచేతిలోనే అణిగిపోతుంది. ఆ తర్వాత తలుపు బయట కట్టిన పాతచీర పరదాని కిందికి లాగితే, మెట్లెక్కి వచ్చినవాళ్లకి పరదా కనిపిస్తుంది గాని తాళం కనిపించదు.

తలుపు అవతల అత్తయ్య ఉంది.

"కుండ మంచం పక్కనే పెట్టాను అత్తయ్యా. గ్లాసు మూత మీద ఉంది. తలమీద గుడ్డ ఆరిపోతే మళ్లీ ముంచుకోండి" అని రోజూ చెప్పే పాఠమే ఆ రోజూ చెప్పి బయటికి వచ్చింది.

"అలాగేనమ్మా. నువ్వెక్కడికి?"

"పనికి."

"త్వరగా వచ్చెయ్."

ఆ మాటకి జవాబు చెప్పకుండా తాళం నొక్కడం కోడలికి అలవాటైంది. తాళంచెవి బొడ్లో దోపుకుంది. పై అంతస్తులో ఒక్కటే గది. నెత్తిన స్లాబు, పక్కింటి గోడకేసి చూసే ఒక్క కిటికీ, ఒక ఫ్యాను. ఫ్యాను తిరిగినంతసేపూ గది ఫరవాలేదు. ఆగిందంటే మాత్రం పొయ్యిమీద పెట్టి మూతేసిన గిన్నె అయిపోతుంది. ఆ సంగతి కోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఊళ్లో వాళ్లకి ఆ సంగతి చెప్పడమే ఆమె ఉద్యోగం.

నిరుటి ఎండలకి నగరంలో తలుపులేసుకున్న ఇళ్లల్లో ముసలివాళ్లు చాలామంది పోయారు. అందుకని ఈ ఏడు మునిసిపల్ ఆఫీసువాళ్లు ఆడవాళ్లని జతలు జతలుగా వీధుల మీదికి పంపారు. వాళ్లకో నీలం కోటు, భుజాన నీళ్లసంచి, చేతిలో రెండు రంగుల డబ్బాలు. పగలంతా ఇంట్లో తోడున్న ముసలివాళ్ల తలుపుమీద ఆకుపచ్చ గుర్తు వెయ్యాలి. ఒంటరిగా ఉండేవాళ్ల తలుపుమీద ఎర్ర గుర్తు. ఎర్ర తలుపుని పొద్దునా మధ్యాహ్నమూ తట్టాలి. ఆకుపచ్చ తలుపు జోలికి పోనక్కర్లేదు. ఏ ఇంటికి వెళ్లినా ముందు "నీళ్లు తాగారా?" అని అడుగుతుందని వీధుల్లో జనం కోడలికి నీళ్లమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు ఆమెకి ఇష్టమే.

నీళ్లమ్మ ఇంటి తలుపుమీద ఆకుపచ్చ గుర్తుంది. అది ఆమె స్వహస్తాలతో వేసుకున్నదే. ఆ రోజు జతగత్తె పక్కనే నిలబడి "మీ ఇంట్లో పగలు ఎవరుంటారు?" అని మాటవరసకి అడిగితే, "ఉంటారులే అక్కా" అంది. కుంచె అప్పటికే ఆకుపచ్చ డబ్బాలో ఉంది.

జతగత్తె అసలు పేరు ఆఫీసులో ఒక్క చోట ఉందేమో గాని నోళ్లలో లేదు. అందరూ ఆమెని మైకు అంటారు. ఆమె గుసగుసలాడితే వీధి చివర కూరగాయలమ్మేవాడు తలెత్తి చూస్తాడు. మనసు మాత్రం వెన్న. మధ్యాహ్నం దాకా ఇద్దరూ కలిసి తిరుగుతారు. మధ్యాహ్నం నుంచి మైకు రైలుపట్టాలకి ఇవతల, నీళ్లమ్మ అవతల. సొంత వీధి ఎవరికీ ఇవ్వరు. ఇస్తే ఇంట్లోకి దూరి పడుకుంటారని ఆఫీసువాళ్ల భయం.

"బాగున్నారా తాతా?" అని మైకు మొదటి ఎర్ర తలుపు దగ్గర అరిచింది.

"భేషుగ్గా ఉన్నాను" అన్నాడు లోపలి పెద్దమనిషి, గుమ్మం పట్టుకుని ఊగుతూ.

నీళ్లమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ముసలివాళ్లని నోటితో అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. ఇంటికి వచ్చిన మనిషిని కంగారు పెట్టడం వాళ్ల తరానికి మర్యాద కాదు. అందుకే ఆమె కుండ మూత తీసి చూస్తుంది. నిన్న ఎంతవరకు ఉందో ఇవాళా అంతవరకే ఉంటే భేషుగ్గా లేనట్టే. తర్వాత మాటల్లో పెట్టి వాళ్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుని, చేతి వెనక చర్మాన్ని రెండు వేళ్లతో కాస్త పైకి పట్టి వదుల్తుంది. వెంటనే సర్దుకుంటే ఊపిరి పీల్చుకుంటుంది. ముడతలాగే నిలబడిపోతే గ్లాసు చేతికిచ్చి అది ఖాళీ అయ్యేదాకా కదలదు.

"నువ్వు కుండతో మాట్లాడతావు, నేను మనుషులతో మాట్లాడతాను" అని మైకు వేళాకోళం చేసింది.

"కుండ అబద్ధం చెప్పదు అక్కా" అంది నీళ్లమ్మ. అన్న తర్వాత ఆ మాట ఆమెకే గుచ్చుకుంది.

టైర్ల దుకాణం దాటుతుండగా ఏదో చప్పుడు వినిపించింది. రేకుమీద స్టీలు గ్లాసుతో కొట్టినట్టు, ఆగి ఆగి. దుకాణం వెనక రేకుల గది ఒకటుంది. తలుపుమీద ఆకుపచ్చ గుర్తు, దానికింద తాళం.

"లోపల ఎవరు?" అంది మైకు.

గ్లాసు చప్పుడు ఆగిపోయింది.

మైకు టైర్లు విప్పే ఇనపకడ్డీ దుకాణంవాడి చేతిలోంచి లాక్కుని గొళ్లెం సందున పెట్టి రెండు చేతులా వంచింది. గొళ్లెం మేకులతో సహా ఊడొచ్చింది. తలుపు తెరిస్తే సెగ మొహాన కొట్టింది. నేలమీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలన్నీ మెడదాకా పెట్టుకున్నాడు. ఒంటిమీద చెమట చుక్క లేదు. వాళ్లని చూసి కంగారుగా మంచం కింద చెప్పులు వెతుక్కోసాగాడు.

నీళ్లమ్మ మోకాళ్లమీద కూలబడి ఆయన గుండీలు విప్పింది. మెడకీ చంకలకీ తడిగుడ్డలు పెట్టింది. చెయ్యి పట్టుకుని చర్మం లాగితే లాగినట్టే ఉండిపోయింది. గుక్క గుక్కగా నీళ్లు పట్టింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. గుండె మాత్రం ఎక్కడో పై అంతస్తులో కొట్టుకుంటోంది.

ఎవరో కబురు చెప్పినట్టున్నారు, కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చాడు. వడ్రంగి. జుట్టునిండా రంపంపొట్టు, చెవిమీద పెన్సిలు.

"నువ్వేనా తాళం వేసింది?" అంది మైకు. అప్పటికే వీధి సగం పోగైంది. "పగలంతా ఇంట్లో మనిషి ఉంటాడని చెప్పి ఆకుపచ్చ వేయించుకున్నావు గదా. ఏడీ ఆ మనిషి? గొడ్డుని కూడా నీడన కడతారు. కన్నతండ్రిని రేకులకింద పెట్టి తాళం వేస్తావా? సిగ్గులేదూ?"

వడ్రంగి తలెత్తలేదు. "బయటికెళ్తే తిరిగి రాడండి" అన్నాడు నెమ్మదిగా. "మొన్న పట్టాల మీద దొరికాడు."

ఆ మాట నీళ్లమ్మకి కొత్తకాదు. పోయిన నెల అత్తయ్య సంతదారిలో చెప్పుల్లేకుండా దొరికింది. కాలిన పాదాలకి మందు రాస్తూ, సరిగ్గా అదే మాట ఆమె ఫోన్లో మొగుడితో అంది. లారీ మీద ఏ ఊరి పొలిమేరలోనో ఉన్న ఆ మహానుభావుడు "జాగ్రత్తగా చూసుకో" అని పెట్టేశాడు. ఆ మాట అన్నాక కొడుకుగా తన వంతు అయిపోయిందని అతని లెక్క.

"అందరూ పనులకి పోవడం లేదా?" మైకు ఆగలేదు. "ఇదిగో, ఈమె కూడా కష్టపడి బతికేదే. ఇంట్లో పెద్దావిడ ఉంది, ఆవిడకీ మతిమరుపే. చెప్పవే, నువ్వు తాళం వేసి వస్తున్నావా?"

అందరూ నీళ్లమ్మకేసి చూశారు. వడ్రంగి కూడా అప్పుడే తలెత్తాడు. బొడ్లో తాళంచెవి ఒంటికి గుచ్చుకుంటోంది.

"లేదు" అంది.

"విన్నావా? చూసి నేర్చుకో" అంది మైకు.

వడ్రంగి మళ్లీ తల దించుకున్నాడు. నీళ్లమ్మకి నేల చీలినా బాగుండుననిపించింది. నేల చీలలేదు. టైర్ల దుకాణంలో ఫ్యాను మాత్రం రెక్కరెక్కగా నెమ్మదించి ఆగిపోయింది.

"కరెంటు పోయింది" అన్నాడు దుకాణంవాడు, ఎవరికీ తెలియనట్టు.

ముసలాయన్ని ఆటోలో చల్లగదికి తీసుకెళ్లాలి. తీసుకెళ్లినవాళ్లు నర్సు వచ్చి చూసేదాకా అక్కడే ఉండాలి. మైకు మిగతా తలుపులు తను చూసుకుంటానంది. అంటే నీళ్లమ్మే వెళ్లాలి. "అక్కా, నువ్వెళ్తావా, నాకు ఇంటిదగ్గర…" అని మొదలుపెట్టింది. "ఇంటిదగ్గర ఏమైంది?" అంది మైకు. ఏమైందో చెప్పడానికి ఆ నోటికి ఇంకేం మిగిలింది? ఆటో ఎక్కింది.

చల్లగదంటే ఆఫీసువాళ్లు పాత సభాభవనానికి చల్లగాలి మిషన్లు బిగించి తెరిచిన హాలు. అక్కడ జనరేటరు ఉంది. నీళ్లమ్మ అడుగుపెట్టగానే చల్లగాలి తగిలి ఒళ్లు జలదరించింది. ఆ చల్లదనాన్ని ఆమె ఎప్పుడూ అంతగా అసహ్యించుకోలేదు. గోడమీద గడియారం కింద బల్లమీద కూర్చుంది. మొగుడికి ఫోను చేసింది, ఎత్తలేదు. కిందింటివాళ్లకి చేద్దామంటే వాళ్లు తాళం పగలగొట్టాలి. తాళం ఉన్నట్టే ఎవరికీ తెలియదు.

"మతి సరిగా లేనివాళ్లని తోడు లేకుండా ఉంచం" అని హాలు కాపలాదారు వడ్రంగితో చెబుతున్నాడు. "నిన్నొకాయన గేటు దాటి పోయాడు. మా పీకలమీదికొచ్చింది."

అది కూడా ఆమె విన్నమాటే. అత్తయ్యని తీసుకొచ్చిన మొదటిరోజునే ఆ కాపలాదారు ఆమెకీ చెప్పాడు.

వడ్రంగి తండ్రి కాళ్లదగ్గర కూర్చుని గుడ్డ పిండి, మడిచి, నుదుటిమీద వేశాడు. చెక్కకి పాలిష్ పెట్టేవాడిలా చాలా నెమ్మదిగా, అంచులు సరిచూసుకుంటూ వేశాడు. తర్వాత నీళ్లమ్మకేసి తిరిగాడు.

"మేడమ్, మీరంటే అందరికీ మంచి చెప్పేవాళ్లు. నన్నేం చెయ్యమంటారో చెప్పండి, చేస్తాను. ఇంట్లో కూర్చుంటే తిండి లేదు. వదిలేస్తే మనిషి దక్కడు. తాళం వేస్తే ఇదిగో ఇలా. ఇక్కడికి తెస్తే తోడు ఉండాలంటారు. మీ అత్తగారిని మీరెలా చూసుకుంటున్నారు?"

అందులో ఎత్తిపొడుపు లేదు. అతను నిజంగానే అడుగుతున్నాడు. నీళ్లమ్మ తనకిచ్చిన శిక్షణంతా మనసులో తిరగేసుకుంది. నీళ్లు ఎన్నిసార్లు తాగాలో చెప్పారు, తడిగుడ్డ ఎక్కడ పెట్టాలో చెప్పారు. ఈ ప్రశ్న మాత్రం ఆ శిక్షణలో ఎవరూ అడగలేదు, అడగాల్సిన ఆమె కూడా నోరు మూసుకుంది.

"నాకు తెలియదు" అంది. ఆ రోజు ఆమె చెప్పిన మొదటి నిజం అది.

నర్సు తీరిగ్గా వచ్చింది. ముసలాయన కుదుటపడ్డాడని చెప్పగానే నీళ్లమ్మ లేచి పరుగందుకుంది. రోజూ వీధి మొదట్లోనే నీలం కోటు విప్పి సంచిలో పెట్టుకునే మనిషి, ఆ రోజు ఆ సంగతే మర్చిపోయింది. మెట్లమీద కాలు జారింది. మోకాలు గీసుకుంది. పరదా లాగి తాళం తీస్తుంటే చెవి రెండుసార్లు పక్కకి పోయింది.

గదిలో ఫ్యాను నిశ్చలంగా ఉంది. అత్తయ్య తలుపు దగ్గరే నేలమీద ఉంది. తలుపు కింద సందులోంచి వచ్చే కాస్త గాలికోసం మొహం అక్కడ ఆనించి పడుకున్నట్టుంది. చెంపమీద గడప గీత పడింది. కుండ నిండుగానే ఉంది.

"అత్తయ్యా."

ఆమె కళ్లు తెరిచింది. ముందు నీలం కోటుని చూసింది. మొహం చూసినా ఆనవాలు పట్టలేదు. లేచి కూర్చోవాలని ప్రయత్నించి, కొంగు సర్దుకుంది.

"రండమ్మా, కూర్చోండి" అంది పొడిబారిన గొంతుతో. "బాగున్నాను. నీళ్లు తాగాను."

"పడుకోండి. కదలకండి." నీళ్లమ్మ కుండని తీసుకొచ్చి గుడ్డలు ముంచింది. మెడమీద, చంకల్లో, కాళ్లమీద పెట్టింది. వేళ్లు చేతి వెనకకి వాటంతటవే వెళ్లాయి. చర్మం ముడతపడి నిలబడింది.

అత్తయ్య ఆమె చేతిని పట్టుకుంది. వాకిలికేసి చూసి గొంతు తగ్గించింది.

"తలుపు గాలికి పడిందమ్మా. తాళం ఏం వెయ్యలేదు. మా కోడలు ఇప్పుడే కిందికెళ్లింది, వచ్చేస్తుంది. మీరు పైవాళ్లకేం చెప్పకండి. దానికి ఉద్యోగం పోతుంది."

నీళ్లమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. పొద్దున ఏం తిన్నదో గుర్తులేని మనిషి, కట్టుకున్న మొగుడి పేరు తడుముకునే మనిషి, ఈ ఒక్క సంగతిని ఎక్కడ దాచుకుంది? దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా, తనని లోపలపెట్టిన మనిషిని కాపాడుకుంటోంది. అది కూడా అబద్ధంతో. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరికీ ఒకటే అబద్ధం.

"ముందు తాగండి" అంది. గ్లాసు అత్తయ్య పళ్లకి తగిలి టకటకలాడింది.

కాసేపటికి ఫ్యాను తిరిగింది. అత్తయ్య కోలుకుంటూ కోడల్ని గుర్తుపట్టి, "ఎప్పుడొచ్చావే? ఎవరో నీలంకోటావిడ వచ్చి వెళ్లింది, మంచిదే పాపం" అంది. నీళ్లమ్మ గోడకేసి తిరిగి చాలాసేపు ఏడ్చింది.

మర్నాడు జ్వరమని ఆఫీసుకి ఫోను చేసింది. జ్వరం ఎవరికో చెప్పలేదు. ఎండ ముదరకముందే అత్తయ్యకి చెప్పులు తొడిగి, చెయ్యి పట్టుకుని టైర్ల దుకాణం వెనక్కి నడిపించుకెళ్లింది. వడ్రంగి ఇంటిదగ్గరే ఉన్నాడు. ఊడిన గొళ్లెం చోట కన్నాలకి చెక్కముక్కలు కొడుతున్నాడు. నీళ్లమ్మని చూసి సుత్తి పక్కన పెట్టాడు. మళ్లీ తిట్లు మొదలవుతాయనుకున్నాడు కాబోలు.

"మా ఇంటి తలుపు కొయ్యాలి" అంది ఆమె. "అడ్డంగా, రెండు ముక్కలుగా. పైసగం తెరిచి ఉంచినా కిందిసగం వేసుకునేలా."

"గాలికా?"

"గాలికి. మనిషి కనపడ్డానికి కూడా."

వడ్రంగి అత్తయ్యకేసి చూశాడు. ఆమె అప్పటికే వాకిట్లో ముసలాయన పక్కన బల్లమీద చేరి, "మీరు నీళ్లు తాగారా?" అని ఆరా తీస్తోంది. ఆయన భేషుగ్గా తాగానంటున్నాడు. వడ్రంగి రంపం, బందులు, మేకులు సంచిలో వేసుకున్నాడు. పక్క దుకాణంవాడికి ఒక కన్నేసి ఉంచమని తండ్రిని అప్పజెప్పి, అత్తాకోడళ్ల వెంట నడిచాడు.

పై అంతస్తుకి వచ్చాక కొలత తీసుకోవడానికి పరదా పక్కకి జరిపాడు. ఆకుపచ్చ గుర్తుకింద గొళ్లెం, గొళ్లేనికి వేళ్లాడుతూ తాళం. రోజూ రాపిడికి గొళ్లెం నున్నగా మెరుస్తోంది. అతను దాన్ని చూశాడు. చెవిమీంచి పెన్సిలు తీసి చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

"నిన్న మీరు వెయ్యనన్నారు" అన్నాడు.

"అన్నాను."

"నలుగురిలో అన్నారు."

"నలుగురిలోనే."

ఆమె క్షమించమని అడుగుదామనుకుంది. అతను దానికోసం ఎదురుచూడలేదు. తలుపుమీద గీత గీశాడు. బందులు ఊడదీసి, తలుపుని మెట్లమీదికి వాల్చి, మోకాలితో తొక్కిపట్టి రంపం వేశాడు. పొట్టు రాలుతోంది. ఆమె అవతలి కొస కదలకుండా పట్టుకుంది.

రెండు సగాలూ బిగించి, గొళ్లేన్ని కిందిసగానికి మార్చి, పైసగం తెరిచి, గాలి ఆడుతుందో లేదోనని అరచెయ్యి అడ్డం పెట్టి చూశాడు. ఎదురు కిటికీలోంచి సన్నగా గాలి కదిలింది.

"ఊళ్లోవాళ్లందరికీ తలుపులు చేస్తాను. మా ఇంటికి ఇది తట్టలేదు చూడండి" అన్నాడు. "సాయంత్రం మాదీ కోస్తాను. కానీ తాళం తాళమే మేడమ్."

"తాళం తాళమే" అంది ఆమె.

అతను వెళ్లాక పరదా విప్పి మడతపెట్టింది. సంచిలోంచి ఎర్రడబ్బా తీసింది.

తెల్లారి కుండని తలుపు పక్కన ఎత్తుపీటమీదికి మార్చి, రోజూలాగే గ్లాసు, తడిగుడ్డ పాఠం చెప్పింది. అత్తయ్య సగం తలుపుమీద మోచేతులు ఆనించి, దుకాణం తెరిచిన షావుకారులా మెట్లకేసి చూస్తోంది. కోడలు తాళం అరచేతిలో దాచలేదు. అది గట్టిగానే 'టక్' అంది. కింద మైకు అప్పటికే వచ్చి నిలబడి ఉంది.

"జ్వరం తగ్గిందా? పద, మొదటి తలుపు ఎక్కడ?"

"పైన ఉంది అక్కా. రా."

"ఇక్కడా? ఇది నా వైపేగా, ఇక్కడ ఎర్ర తలుపు ఏదీ లేదే" అని గొణుక్కుంటూ మైకు మెట్లెక్కింది. ఆ గొణుగుడికి రెండు అంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. పైకి చేరాక మాత్రం గొణుగుడు ఆగింది. కొత్తగా వేసిన ఎర్ర గుర్తుని చూసింది. అంచున మిగిలిపోయిన ఆకుపచ్చని చూసింది. తాళాన్ని చూసింది.

సగం తలుపు మీంచి అత్తయ్య రెండు నీలం కోట్లనీ మార్చి మార్చి చూసి, కొంగు సర్దుకుంది.

"రండమ్మా. మా కోడలు ఇప్పుడే కిందికెళ్లింది, వచ్చేస్తుంది. తాళం ఏం వెయ్యలేదు, అది ఊరికే…"

"నేనే వేశాను అత్తయ్యా" అంది నీళ్లమ్మ. తర్వాత మైకుకేసి తిరిగింది. "రోజూ వేస్తున్నాను. మొన్న నీకూ అబద్ధం చెప్పాను. ఇవాళ కూడా వేశాను. వెయ్యకుండా ఉండే దారి తెలియదు."

మైకు నోరు తెరిచింది. కింద అంతస్తులవాళ్లు ఏం వినబోతున్నామా అని మెడలు సాచారు. మైకు నోరు మూసుకుంది. సగం తలుపు మీంచి లోపలికి వంగి, చెయ్యి చాచి, కుండ మూత ఎత్తి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో చూసింది. మూత పెట్టింది. ఆ చెయ్యే ఇవతలికి తీసి నీళ్లమ్మ ముందు పట్టింది.

"చెవి ఇలా ఇవ్వు" అంది. ఆ మాట పక్కనున్న మనిషికి తప్ప వినపడలేదు. "మధ్యాహ్నం ఈ మెట్లు నేనెక్కుతాను."

నీళ్లమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. అది ఒంటి వేడికి వెచ్చగా ఉంది. ఇవ్వడానికి వేళ్లు వెంటనే విడలేదు.